రాయిదే తప్పన్నారు

నారాయణవనం,
14 జూన్ 1943.

చి. పంకజాక్షికి,

వదిన వసంతమ్మ ఆశీర్వదించి రాసేది. అత్తమ్మకు కుడిచెయ్యి ఇంకా లేవడం లేదు. నోరు మాత్రం బాగానే ఉంది. పెరుగు పులిసిందని నిన్న నన్ను అరగంట తిట్టింది. కనుక మీ అమ్మ గురించి బెంగ పెట్టుకోవద్దు.

ఈ ఉత్తరం తెచ్చిన ఎల్లప్ప నీకు ఒక తగరపు డబ్బా కూడా ఇస్తాడు. మూత తీసే ముందు ముక్కుకు గుడ్డ కట్టుకో. అందులో ఉన్నది సుందరరాజు గారి రంగుల షెడ్డులో నూలుకు ఎరుపు ఎక్కించే పొడి. మీ అన్న పద్నాలుగో ఏట నుంచి, ముప్పై ఆరో ఏట పోయేదాకా చేత్తో కలిపింది దీన్నే. తాయమ్మ షెడ్డు ఊడ్చేటప్పుడు కొంగున కట్టుకొచ్చి ఇచ్చింది.

తాయమ్మ ఎవరని అడుగుతావేమో. మీ అన్న ఎదురు తొట్టిలో పనిచేసే కుప్పయ్య భార్య. పోయిన వారం బావి దగ్గర నన్ను పక్కకు పిలిచింది. "అక్కా, మా ఇంటాయనకు ఒంటికి పోతే ఎర్రగా పడతా ఉండాది. రంగు ఒంట్లోకి పోయి అట్ల వస్తాదిలే అంటాడు. మీ ఆయనకు గూడా మొదట్లో ఇట్లనేనా?" అంది. ఇట్లనే అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

సుందరరాజు గారి దగ్గరికి పోయి అడిగాను. ఆయన కుర్చీలోంచి కదలకుండా, "అది రాయేనమ్మా. మన ఊరి నీళ్లు అట్లాంటివి. నీ మొగునికి రాయి ఉండె, ఆ రాయి పుండయింది, పుండు రాచపుండయింది. దానికి నా రంగేం సేస్తాది?" అన్నాడు. మీ అన్నకు పదేళ్ల కిందట మిషన్ ఆసుపత్రిలో రాయి తీసిన మాట నిజమే. అందుకే తల ఊపి వచ్చేశాను. ఊపినందుకు ఇంటికొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను.

మీ పరిశోధనశాలలో ఎలుకలకు రాళ్లు పుట్టిస్తారని ఒకసారి చెప్పావు. మనుషులకు ఉన్న రాళ్లు చాలవా అని నవ్వాను. ఇప్పుడు నవ్వడం లేదు. ఆ ఎలుకలకు ఈ పొడి పెట్టి చూడు. మీ అన్నను తిన్నది రాయా, రంగా? నాకు తెలియాలి. షెడ్డులో ఇంకా పంతొమ్మిది మంది ఉన్నారు, వాళ్లకూ తెలియాలి.

ఏడుస్తూ జాబు రాయొద్దు. ఏడుపు ఇక్కడ కావలసినంత ఉంది.

నీ వదిన,
వసంతమ్మ.

చిత్తూరు,
2 జూలై 1943.

వదినకు పంకజాక్షి నమస్కరించి రాసేది.

డబ్బా అందింది. గుడ్డ కట్టుకునే తెరిచాను. వాసన తగలగానే అన్న ఇంటికొచ్చి చొక్కా విప్పినట్టే అనిపించింది. ఇక ఆ మాట రాయను, నువ్వు వద్దన్నావు కదా.

మేం ఎలా ఉన్నామో నీకు పూర్తిగా తెలియదు. బాంబుల భయంతో నిరుడు మద్రాసు ఖాళీ అయినప్పుడు మా పరిశోధనశాలను ఇక్కడికి తెచ్చారు. ఊరి చివర ఒక పొడవాటి పెంకుటిల్లు. ఎవరో పెద్దమనిషి ఇచ్చారు. ఒక వైపు మూడు వందల తెల్ల ఎలుకలు, ఇంకో వైపు మేము. మా పెద్ద డాక్టర్ ప్రేమానందం గారు. పాలూ ఆకుకూరా లేకుండా పిండీ, నూనే, కాస్త సున్నమూ కలిపి పెడితే కొన్ని నెలల్లో ఎలుకల మూత్రాశయంలో రాళ్లు కడతాయి. పేదవాళ్ల తిండిలో ఏం తక్కువై రాళ్లు వస్తున్నాయో కనుక్కోవాలని ఆయన పట్టుదల. చచ్చిన ఎలుక మూత్రాశయాన్ని మైనంలో పొదిగి, పలుచగా కోసి, గాజు పలక మీద రంగు వేసి సూక్ష్మదర్శినికి అందించడం నా పని. చూశావా, నేనూ రంగులు వేసేదాన్నే అయ్యాను.

నీ మాట చెప్పగానే డాక్టరుగారు, "మన పని రాళ్లమ్మా, రంగులు కాదు" అన్నారు. మర్నాడూ అడిగాను. మూడో రోజు అడగలేదు, అన్న కథ మొత్తం చెప్పాను. ఆయన తన గదిలోకి వెళ్లిపోయి, సాయంత్రం ఎలుకల గదిలోకి వచ్చి, "ఖాళీ పంజరాలు ఎన్ని ఉన్నాయి?" అని అడిగారు.

ఎలుకలను నాలుగు గుంపులు చేశాం. గుంపుకు ఇరవై నాలుగు. మొదటి గుంపుకు మంచి తిండి. రెండో గుంపుకు రాళ్లు కట్టే తిండి. మూడో గుంపుకు మంచి తిండిలో చిటికెడు పొడి. నాలుగో గుంపుకు రాళ్ల తిండీ, పొడీ రెండూ. ఇలా విడదీస్తే గాని నీ ప్రశ్నకు జవాబు రాదు. వదినా, దీనికి దాదాపు రెండేళ్లు పడుతుంది. తొందరపెట్టినా ఎలుక త్వరగా ముసలిది కాదు.

ఒక్కటి చెప్పు. అన్న జబ్బు గురించి రాజుగారు ఏదైనా కాగితం రాయించుకున్నారా? ఉంటే నాకు ఉపయోగపడవచ్చు.

నేను చదువుకున్నది అన్న ఆ తొట్టి దగ్గర నిలబడ్డందువల్ల. ఈ పని మధ్యలో వదలను.

నీ మరదలు,
పంకజాక్షి.

నారాయణవనం,
20 ఆగస్టు 1943.

చి. పంకజాక్షికి ఆశీస్సులు.

రెండేళ్లా! ఎలుక ముసలిదయ్యేలోపు కుప్పయ్య ఏమవుతాడు? ఆసుపత్రికి పొమ్మని నేనూ తాయమ్మా చెరొక పక్కన నిలబడి చెప్పాం. "పోతే కోస్తారు. కోస్తే పని పాయ. పని పాయంటే ఇల్లు పాయ" అని ఒకటే పాట. షెడ్డు పక్కన మేముండే వరస ఇళ్లన్నీ రాజుగారివే అని నీకు తెలుసు కదా. మనిషి భయపడేది చావుకు కాదు, గోడలకు.

అయినా నేను ఊరికే కూర్చోలేదు. షెడ్డులో ఎవరు ఎన్నేళ్లుగా చేస్తున్నారో, ఎవరికి ఎర్రగా పడుతోందో అడిగి ఒక నోటు పుస్తకంలో రాస్తున్నాను. మొదట ఆడవాళ్లు నవ్వారు, మొగవాళ్లు మొహం తిప్పుకున్నారు. ఇది అడిగే విషయమా అన్నారు. అడగకుండా ఒకణ్ణి కాటికి పంపాను, ఇక అడుగుతాను అన్నాను. ఇప్పటికి ముగ్గురు చెప్పారు. అందరూ పొడి కలిపే వాళ్లే. నూలు ఆరేసే వాళ్లలో ఒక్కరూ లేరు. వాళ్లూ ఇదే బావి నీళ్లు తాగుతున్నారు.

రాజుగారికి ఈ సంగతి తెలిసి వాకిట్లో నిలబడి, "ఏమ్మా వసంతమ్మా, ఉచ్చల లెక్క రాస్తా ఉండావంట?" అన్నాడు, పదిమంది వినేటట్టు. "ఔను రాజుగారూ, మీది గూడా సెప్తే రాసుకుంటా" అన్నాను. నవ్విన పదిమందీ ఆయన వైపే చూసి నవ్వారు.

కాగితాల సంగతి నాకు తెలియదు. నీ ఎలుకలను జాగ్రత్తగా చూసుకో.

వసంతమ్మ.

చిత్తూరు,
18 డిసెంబరు 1944.

వదినకు నమస్కారాలు.

ఈ జాబు రాయడానికి పది రోజులుగా కూర్చుంటున్నాను, లేస్తున్నాను. నీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి.

రెండో గుంపులో, అంటే పొడి వాసన కూడా తగలని, రాళ్లు మాత్రమే ఉన్న ఎలుకల్లో, రెండింటికి మూత్రాశయం లోపల మొటిమల్లాంటివి లేచాయి. ఒకదానిది మొటిమతో ఆగలేదు. లోపలి పొర దాటి కండలోకి దిగింది. ఆ పలకను నేను నాలుగు సార్లు చూశాను. డాక్టరుగారు రెండు సార్లు చూశారు. అది రాచపుండే.

రాయి లోపల ఒరుసుకుంటూ ఉంటుంది. పొర చిరిగినప్పుడల్లా మానడానికి కొత్త కణాలు పుడతాయి. అలా ఏడాది పొడుగునా చిరగడం, మానడం జరిగితే ఒక్కోసారి ఆ పుట్టడం ఆగకుండా పోతుందేమో అని డాక్టరుగారి ఊహ.

అంటే రాజుగారు చెప్పినదంతా అబద్ధం కాదు. రాయి కూడా చేయగలదు.

పొడి గుంపుల్లో చాలా ఎలుకలు ఇంకా బతికే ఉన్నాయి. వాటి సంగతి తేలడానికి ఇంకొన్ని నెలలు కావాలి. అందాకా ఎవరికీ ఏమీ చెప్పకు. నీకు మాత్రం దాచడం నా వల్ల కాలేదు.

పంకజాక్షి.

నారాయణవనం,
2 జనవరి 1945.

పంకజాక్షికి,

ఏడాదిన్నర తరువాత నువ్వు కనుక్కున్నది ఇదా? ఈ మాట రాజుగారు ఏ చదువూ లేకుండానే చెప్పాడు. నీ ఎలుకలు ఆయన ఉప్పు తిన్నాయా ఏమి?

ఇప్పుడు నా పుస్తకంలో అయిదు పేర్లున్నాయి. వాళ్లకు నేనేం చెప్పాలి? ఓపిక పట్టండి, మా మరదలి ఎలుకలు ఇంకా ఆలోచిస్తున్నాయి అని చెప్పనా?

అత్తమ్మ బాగానే ఉంది.

వసంతమ్మ.

పైన రాసినదంతా మళ్లీ చదువుకున్నాను. కొట్టేయను. కానీ ఒకటి చేరుస్తున్నాను. దాచి ఉంటే నాకు తెలిసేది కాదు. నువ్వు దాచలేదు. అది మీ అన్న గుణం.

చిత్తూరు,
9 ఏప్రిల్ 1945.

వదినకు,

లెక్క తేలింది. ఏడాది దాటి బతికిన ఎలుకలనే లెక్కలోకి తీసుకున్నాం.

మంచి తిండి తిన్న ఇరవై ఒక్కింటిలో ఒక్కదానికీ లేదు. రాళ్లు మాత్రమే ఉన్న పదహారింటిలో మూడింటికి ఉంది. పొడి మాత్రమే తిన్న పందొమ్మిదింటిలో నాలుగింటికి ఉంది. రాళ్లూ పొడీ రెండూ ఉన్న పదిహేనింటిలో పన్నెండింటికి ఉంది, వదినా. పన్నెండు. అవి ముందుగా వచ్చాయి, లోతుగా దిగాయి.

రాయి పొరను చీరుస్తుంది. పొర మానుతూ కొత్త కణాలు పుడుతున్న సమయంలో పొడి వచ్చి తగులుతుంది. ఒకటి రెండోదానికి దారి చేసి పెడుతోంది. రాయా, రంగా అని అడిగావు. అన్నకు ఒంట్లో రాయి ఉండగా పన్నెండేళ్లు ఆ పొడి కలిపించారు, రాయి తీశాక ఇంకో పదేళ్లు కలిపించారు. నా జవాబు అది.

ఇక మిగతా సంగతి. ఈ ఇల్లు ఇచ్చిన పెద్దమనిషి ఎవరో నీకు రాయలేదు. తెలియక కాదు, నువ్వేమంటావో అని భయపడి రాయలేదు. ఆయన సుందరరాజు గారి బావమరిది. మా లెక్క ఎలా తెలిసిందో గాని మొన్న వచ్చి డాక్టరుగారి గదిలో గంటసేపు కూర్చున్నాడు. అతను వెళ్లాక డాక్టరుగారు నన్ను పిలిచి, "రాళ్ల సంగతి మాత్రం పత్రికకు పంపుదామమ్మా. మొదటి గుంపు, రెండో గుంపు చాలు. రంగు సంగతి యుద్ధం ముగిశాక చూద్దాం" అన్నారు. నా మొహం చూడలేదు, బల్ల మీది పెన్సిలును చూస్తూ అన్నారు.

"మూడు, నాలుగు గుంపులు లేకపోతే అది సగం నిజమే కదండీ" అన్నాను.

అప్పుడు ఆయన, ఆ పెద్దమనిషి ఇచ్చిపోయిన ఒక కాగితం సొరుగులోంచి తీసి నా ముందు పెట్టారు. "నా భర్త మునస్వామికి చిన్నప్పటి నుండి రాతి జబ్బు కలదు. అతని మరణమునకు షెడ్డు పనితో ఏమియు సంబంధము లేదు" అని రాసి ఉంది. కింద నీ సంతకం. అన్న పోయిన పదకొండో రోజు తేదీ.

కాగితం మడిచి ఆయనకే ఇచ్చి వచ్చేశాను. పొడి పంపినదానివి నువ్వు. నా ఎలుకలు రాజుగారి ఉప్పు తిన్నాయా అని నన్ను అడిగినదానివి నువ్వు. రెండేళ్ల కిందట కాగితం ఉందా అని అడిగితే తెలియదని రాశావు.

ఎందుకు పెట్టావో రాయి.

పంకజాక్షి.

నారాయణవనం,
17 ఏప్రిల్ 1945.

పంకజా,

పెట్టాను. నా చేత్తో నేనే పెట్టాను.

పదకొండో రోజు. సెలవు లేక నువ్వు అప్పటికే చిత్తూరు వెళ్లిపోయావు, ఇంట్లో ఇంకా బంధువులున్నారు. మీ అన్న పోయిన దిగులుకు మీ అమ్మకు పక్షవాతం వచ్చి అప్పటికి నాలుగు రోజులు. నోరు కూడా వంకర పోయి ఉండింది. రాజుగారు వచ్చి మెల్లగా, ఎంతో మర్యాదగా, "ఈ ఇల్లు పనోళ్లకిచ్చేది గదమ్మా. అయినా ముసలామె ఉన్నన్ని దినాలు ఉండండి. ఈ కాగితం మీద ఒక సంతకం పెట్టు సాలు" అన్నాడు. మంచం మీద ఆమెను చూశాను. రాయి ఉన్న మాట నిజమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పెట్టాను.

నీకు చెప్పి ఉంటే ఉద్యోగం వదిలేసి పరిగెత్తుకు వచ్చేదానివి. అది ఒక కారణం. రెండోది సిగ్గు. సిగ్గే పెద్దది.

నీ జాబు వచ్చిన రోజు అన్నం తినలేదు. మర్నాడు పొద్దున షెడ్డు దగ్గరికి పోయాను. అందరూ సద్ది తినడానికి కూర్చునే వేళ. రాజుగారు కూడా ఉన్నాడు. గట్టిగానే చెప్పాను.

"రాజుగారూ, మీ కాగితంలో ఉండేది నా పేరే గాని నా మాట కాదు. దాన్ని నేను వాపసు తీసుకుంటా ఉండా."

"సంతకం పెట్టినాక వాపసేంది?"

"పెట్టిన సెయ్యి నాదే. ఇంకోటి రాసే సెయ్యి గూడా నాదే."

అక్కడే కూర్చుని ఇంకో కాగితం రాశాను. మీ అన్నకు రాయి ఉన్న మాట రాశాను, దాచలేదు. దాన్ని తీసిన మాట రాశాను. ఇరవై రెండేళ్లు చేత్తో పొడి కలిపిన మాట, మొదటి కాగితం ఇంటి కోసం పెట్టిన మాట, అన్నీ రాశాను. సాక్షులెవరు అన్నాను. తాయమ్మ చీపురు పక్కన పడేసి వచ్చి వేలిముద్ర వేసింది. తరువాత కుప్పయ్య వచ్చాడు. తరువాత ఇంకా ఏడుగురు. సిరా అక్కరలేకపోయింది, వాళ్ల వేళ్లకున్న ఎరుపే సరిపోయింది. ఆ కాగితం ఇందులో పెట్టాను.

మూడు రోజుల్లో ఇల్లు ఖాళీ చేయమన్నాడు. రెండో రోజే చేశాం. కుమ్మరి వీధిలో ఒక గది దొరికింది. మీ అమ్మను మంచంతో పాటు నలుగురు మోశారు. దారి పొడుగునా నలుగురినీ పేరుపేరునా తిట్టింది.

ఇక నా దగ్గర రాజుగారిది ఏమీ లేదు. మీ డాక్టరుకు చెప్పు, ఎలుకలకు కూడా వేరే ఇల్లు దొరుకుతుందని.

వసంతమ్మ.

చిత్తూరు,
4 జూన్ 1945.

ప్రియమైన వదినకు నమస్కారాలు.

నీ కాగితం డాక్టరుగారి బల్ల మీద పెట్టాను. ఆ ఎర్రటి వేలిముద్రల మీద ఆయన చాలాసేపు చెయ్యి ఉంచారు. అయినా వెంటనే ఒప్పుకోలేదు. లెక్కల పుస్తకం ఇమ్మన్నారు. "నాలుగు గుంపులూ పంపుతానంటే ఇస్తానండి. రెండే పంపేటట్టయితే ఇవ్వను" అన్నాను. పుస్తకాన్ని చంకలో పెట్టుకున్నాను. "అయితే రేపటి నుంచి నువ్వు రానక్కర లేదు" అన్నారు.

మర్నాడు మామూలు వేళకే వెళ్లాను. ఎలుకలకు తిండి పెట్టాను, నీళ్లు మార్చాను, పంజరాలు కడిగాను. ఆయన గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్లిపోయారు. అలా తొమ్మిది రోజులు. నన్ను పంపాలంటే మెడ పట్టి గెంటాలి, అది ఆయన వల్ల కాదని నాకు తెలుసు.

పదో రోజు వచ్చి, బోర్లించిన పెట్టె మీద కూర్చున్నారు. "అమ్మా, పాతికేళ్లుగా రాళ్లే చూస్తున్నాను. రాయి కనపడితే చాలు, ఆ మనిషి ఏం పని చేస్తాడని ఒక్కసారైనా అడగలేదు. ఎంతమందిని అలా పంపేశానో" అన్నారు. ఆ సాయంత్రమే ఇద్దరం కూర్చుని రాశాం. నాలుగు గుంపులూ వెళ్లాయి. మా ఇద్దరి పేర్లూ వెళ్లాయి. పొడి ఎక్కడిదో కూడా వెళ్లింది.

రాజుగారి బావమరిది వారంలో ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ఇప్పుడు మేం ఒక బెల్లం మండీ వెనక గదిలో ఉన్నాం. చీమలతో పెద్ద యుద్ధం. పంజరాల కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టి కాపలా కాస్తున్నాం. డాక్టరుగారు కూడా పంచె ఎగగట్టి చీమలు ఊడుస్తున్నారు. ఆయన ఇంత ఉల్లాసంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

కానీ వదినా, మేం రాసింది అచ్చవడానికి ఏడాది పట్టవచ్చు. అచ్చయినా ఇంగ్లీషులో ఉంటుంది. కుప్పయ్య చదవలేడు. ఈ మాటే డాక్టరుగారితో అన్నాను. "అర్థమయ్యేట్టు చూపించవచ్చు కదా" అన్నారు. మళ్లీ, "శని, ఆదివారాలు ఆ ఇత్తడి సూక్ష్మదర్శినితో నాకు పని లేదు" అన్నారు.

వచ్చే శనివారం బస్సుకు వస్తున్నాను. ఆదివారం పొద్దున ఎండ బాగా పడే చోట ఒక బల్ల వేయించు. షెడ్డు వాళ్లందరినీ పిలువు.

పంకజాక్షి.

నారాయణవనం,
22 జూలై 1945.

చి. పంకజాక్షికి వదిన ఆశీర్వదించి రాసేది.

నువ్వు బస్సెక్కిన రోజు నుంచి ఇవాళ్టి దాకా జరిగింది వరసగా రాస్తున్నాను, డాక్టరుగారికి కూడా చదివి వినిపించు.

ఆ ఆదివారం కుప్పయ్య సూక్ష్మదర్శిని గొట్టంలోంచి చూసినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. మంచి ఎలుక పొర చూసి, "ఇది నేత బాగుండాది" అన్నాడు. రెండోది చూసి తల ఎత్తకుండా, "ఇది పోగులు సిక్కుపడినాయి. పడుగు యాడ, పేక యాడ తెలీడంలే" అన్నాడు. నువ్వు అంతసేపు చెప్పినది ఆ ఒక్క మాటతో మిగతా వాళ్లకు అర్థమైంది. పుట్టినప్పటి నుంచి నేత చూసినవాళ్లు కదా.

నీకు తెలియనిది ఒకటుంది. నువ్వు లోపల అత్తమ్మకు గంజి తాగిస్తున్నప్పుడు రాజుగారు వచ్చాడు. అందరూ లేచి నిలబడ్డారు, బల్ల ముందు నుంచి మాత్రం ఎవరూ జరగలేదు. "నన్ను గూడా సూడనీండప్పా" అన్నాడు. చూశాడు. చాలాసేపే చూశాడు. తల ఎత్తి, "ఇది ఎలకది గదా" అన్నాడు.

"ఔను రాజుగారూ, ఎలకదే. దాని సేత మీరు సంతకం పెట్టించలేదు" అన్నాను.

ఆయన తిరిగి బయలుదేరాడు. చెప్పులు వేసుకోవడం మరిచి నాలుగడుగులు పోయి, వెనక్కి వచ్చి వేసుకుని పోయాడు.

సోమవారం పొద్దున షెడ్డు తెరిచారు. తొట్టిలో నీళ్లున్నాయి, పొయ్యి మండుతోంది, నూలు దిగింది. పొడి ముట్టే చెయ్యి మాత్రం లేదు. నీలం ఇవ్వండి, పచ్చ ఇవ్వండి, చేస్తాం, ఈ పొడి మాత్రం ముట్టం అన్నారు. రాజుగారు షెడ్డు మూసేశాడు. బయటి ఊళ్ల నుంచి మనుషులను పిలిపించాడు. వాళ్లు వచ్చిన ప్రతిసారీ తాయమ్మ గేటు ముందు నిలబడి, "లోపలికి పొయ్యేముందు మా ఇంటాయన్ను సూసి పోండి" అనేది. చూసినవాళ్లు పోలేదు. ఇరవై ఆరు రోజులు అలా నడిచింది. అందరం సంకటే తిన్నాం, కొన్ని పూటలు అదీ లేదు. ఇద్దరు వేరే ఊరికి పనికి పోయారు. వాళ్లను నేను తప్పుపట్టను.

కుప్పయ్య ఆసుపత్రికి పోయాడు. ఎవరూ తోలలేదు, తనే బయలుదేరాడు. పని ఎలాగూ లేదు కదా, ఇప్పుడు భయపడటానికి ఏముంది అన్నాడు. సన్న గొట్టానికి దీపం కట్టి లోపల చూశారట. మొటిమ ఉంది, ఇంకా కండలోకి దిగలేదు. కాల్చి తీశారు. మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకోమన్నారు. నువ్వు చెప్పిన రెండేళ్లు ఎక్కువని ఎగిరాను. ఆ రెండేళ్లు లేకపోతే ఇతను గొట్టంలోంచి చూసేవాడు కాదు, ఆసుపత్రి మెట్లు ఎక్కేవాడూ కాదు.

పోయిన సోమవారం షెడ్డు తెరిచారు. నీలం, పచ్చ మాత్రమే. పొడి డబ్బాలు ఏడు, బయటికి తెచ్చి పెట్టారు. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను, మధ్యాహ్నం దాకా. మధ్యాహ్నం ఆ డబ్బాలను ఎద్దుల బండికి ఎక్కిస్తుంటే, "యాడికప్పా?" అని బండి గురప్పను అడిగాను. నగరి దారిలో ఇంకో రంగుల షెడ్డు ఉంది, రాజుగారు వాళ్లకు అమ్మేశాడు అన్నాడు.

మన ఊళ్లో వద్దన్నది ఇంకో ఊరికి పోతోంది పంకజా! నాకు ఒళ్లు మండిపోయింది. బండికి అడ్డంగా నిలబడదాం అంది తాయమ్మ. వద్దన్నాను. బండిని ఆపితే ఇవాళ ఆగుతుంది, రేపు పోతుంది. ఆ ఊరి వాళ్లే వద్దనాలి. నా నోటు పుస్తకం, నువ్వు ఇచ్చిపోయిన రెండు గాజు పలకలు గుడ్డలో చుట్టుకున్నాను. నేనూ తాయమ్మా పరిగెత్తి బస్సు పట్టుకున్నాం.

ఆ షెడ్డు ముందు మేం దిగేసరికి వాళ్లు నూలు ఆరేస్తున్నారు. ముప్పై మంది దాకా ఉంటారు. మోచేతుల దాకా నీలం రంగు. ఎర్ర పని వాళ్లకు కొత్త. మేం ఎవరమో చెప్పాం. పుస్తకం తెరిచి పేర్లు చదివాను. మీ అన్న పేరు మొదట చదివాను. సూక్ష్మదర్శిని లేకపోయినా పలకలను ఎండకు పట్టి చూపించాను. ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "ఆ బండి ఎప్పుడొస్తాది?" అని అడిగింది.

"వస్తా ఉండాది. ఎద్దులు గదా, నిదానంగా వస్తాయి" అన్నాను.

ఆమె పనివాళ్ల వైపు తిరిగి చీర కొంగు నడుముకు చుట్టుకుంది. పొద్దు వాలేవేళకు గురప్ప బండి వీధి మలుపు తిరిగింది. ఎదురుగా ముప్పై మంది, మధ్యలో మేమిద్దరం. గురప్ప ఎద్దులను ఆపి, నన్ను చూసి, తలపాగా తీసి మొహం తుడుచుకుని, "నువ్వు ఈడికెట్ల వస్తివమ్మా?" అన్నాడు.

ఎవరూ బండిని ముట్టుకోలేదు. ఎవరూ అరవలేదు. అంతమందీ దారిలో నిలబడ్డారు, అంతే. ఎద్దులు వెనక్కి తిరగడానికి కాస్త చోటు మాత్రం ఇచ్చారు.

వసంతమ్మ.